యుద్ధవార్తల వ్యాకరణం

యుద్ధం వచ్చినప్పుడల్లా పెట్టుబడిదారీ పత్రికలు అబద్ధాలు రాస్తాయనే మాట మన సభల్లో తరచు వినిపిస్తుంది. నేను దాన్ని కాదనను. కాని ఆ మాట అనేవాళ్ళలో చాలామంది ఆ అబద్ధం యెలా తయారవుతుందో కళ్ళారా చూసినవాళ్ళు కారు. నేను చూశాను. చూడటమే కాదు, తయారు చేశాను కూడా. ఒక తెలుగు దినపత్రికలో యిరవైయేడేళ్ళు సబ్-ఎడిటరుగా పనిచేశాను. అందులో సగానికి పైగా రాత్రి డ్యూటీలే. ఆ పత్రిక పేరు యిక్కడ అనవసరం. మరో పత్రికలో వుండి వుంటే యిదే వ్యాసం ఆ పత్రిక గురించి రాసి వుండేవాణ్ణి. ఆ యిరవైయేడేళ్ళలో “యీ అబద్ధం రాయి” అని నాతో అన్నవారు ఒక్కరు కూడా లేరు. యజమాని అనలేదు, సంపాదకుడు అనలేదు, ప్రభుత్వం వారూ అనలేదు. అయినా రాశాను. యెలా రాశానో చెబితే మన విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ కొంత పనికి రావచ్చు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించుకొన్నది. నేను అప్పుడు బెజవాడ డెస్కులో వున్నాను. కువైట్ అంటే మనకు పరాయి సంగతి కాదు. కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వేలాదిమంది అక్కడ పని చేస్తున్నారు. మగవాళ్ళు డ్రైవర్లు, కూలీలు. ఆడవాళ్ళు యిళ్ళల్లో పనిమనుషులు. అక్కడి డబ్బుతో యిక్కడ పెంకుటిళ్ళు డాబాలయ్యాయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు జరిగాయి. యుద్ధం రాగానే మేము చేసిన మొదటి పని ఒక పటం గీయించటం. మా ఆర్టిస్టు చక్కగా గీశాడు. ఉత్తరాన్నించి దక్షిణానికి లావుపాటి నల్లని బాణాలు, వాటి పక్కన టాంకులు, సముద్రంలో ఓడలు, పైన విమానాలు. పేర్లు నేను రాసిపెట్టాను. మరునాడు ఆ పటాన్ని అందరూ మెచ్చుకొన్నారు. కాపీలు చాలలేదని యేజంట్లు ఫోన్లు చేశారు.

నెల తిరక్కుండానే రాజోలు వైపు నుంచి ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు. పంచె, పైన తువ్వాలు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన మా పత్రిక. మెట్ల దగ్గర యెవరో నా దగ్గరకు పంపారు.

“యీ బొమ్మ యేసింది మీరేనాండీ?” అన్నాడు.

“మా ఆర్టిస్టు వేశాడండీ. పేర్లు నేను రాశాను. కూచోండి బాబాయిగారూ.”

కూచోలేదు. పత్రిక నా బల్ల మీద పరిచాడు. “మా పిల్ల సాల్మియా అనే పేటలో వుంటాదండీ. ఓ దొరగారింట్లో పని. నెల్లాళ్ళ కాణ్ణించీ కబురు లేదు. యిందులో ఆ పేట యెక్కడొత్తాదో కాస్త చూపెట్టండి.”

నాకు తెలియదు. మేము చూసి గీసిన పటంలో ఆ పేరు లేదు. సైన్యాలు యెటు నుంచి యెటు పోతున్నాయో వుంది గాని, మనుషులు యెక్కడ కాపురం వుంటున్నారో లేదు. తెలియదని చెప్పటానికి నాకు నోరు రాలేదు. పెన్సిలు తీసుకొని సముద్రపు వొడ్డున, బాణాలకు యెడంగా వున్న చోట చిన్న చుక్క పెట్టాను. “యిక్కడండీ. గొడవ యిటువైపు యేమీ లేదు” అన్నాను. ఆయన ఆ చుక్కను చాలాసేపు చూసి, పత్రికను మళ్ళీ ఆ మడతల మీదే మడిచి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. సాల్మియా సముద్రపు వొడ్డునే వున్నదని తర్వాత తెలిసింది. బాణాలకు యెడంగా మాత్రం లేదు. అసలా దేశం మొత్తం మా బాణం తలలో యిమిడిపోయేంత చిన్నది.

ఆ అమ్మాయి సెప్టెంబరు ఆఖరున తిరిగి వచ్చింది. ఆమెతో పాటు ఆ రెండు నెలల్లో లక్షా డెబ్భై వేల మందికి పైగా వచ్చారు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా దాదాపు 500 సార్లు విమానాలు నడిపింది. మా విలేకరి రాజోలు వెళ్ళి ఆమెతో మాట్లాడి వచ్చాడు. యజమాని కుటుంబం రాత్రికి రాత్రి సరిహద్దు దాటిపోతూ యింటి తాళాలు ఆమె చేతిలో పెట్టి పోయారట. పక్కిళ్ళ పనిమనుషులు, ఒక సింహళ పిల్లతో సహా, అందరూ ఒక చోట చేరి వున్న బియ్యం కొలుచుకొని వండుకొన్నారట. తర్వాత బస్సుల మీద బస్రా, బాగ్దాద్, అక్కణ్ణించి జోర్డాన్ సరిహద్దు. అక్కడ యెడారిలో గుడారాలు, ఒక్క నీళ్ళ లారీ వెనక మైలు పొడుగు వరస. విలేకరి నాలుగు పేజీలు రాశాడు. నేను దాన్ని రెండంగుళాలకు కుదించి జిల్లా పేజీలో వేశాను. ఆ యుద్ధం గురించి మా పత్రికకు సొంతంగా దొరికిన వార్త అదొక్కటే. తక్కినవన్నీ ఒకరు చెప్పగా మరొకరు రాస్తే, దాన్ని మేము అనువదించినవి.

యిక ఆ అనువాదం సంగతి. టెలిప్రింటర్ మీద వచ్చే ప్రతి వార్తకూ మొదట వూరి పేరు వుంటుంది. డేట్‌లైన్ అంటాం. వార్త యెక్కడ పుట్టిందో అది చెబుతుంది. పాఠకులు దాన్ని చదవరు. కళ్ళు దాని మీదుగా జారిపోతాయి. 1991 జనవరి 17న బాగ్దాద్ మీద బాంబులు పడటం మొదలై ఫిబ్రవరి 28న ఆగింది. ఆ 43 రోజులూ బాంబులు ప్రధానంగా పడింది ఇరాక్‌లో, కువైట్‌లో. మేము అచ్చువేసిన వార్తల్లో అధికభాగం పుట్టింది రియాద్‌లో, ధహ్రాన్‌లో, వాషింగ్టన్‌లో. అంటే బాంబు వేసినవాడి గుమ్మం ముందు నిలబడి, ఆ బాంబు యెక్కడ పడిందో అతన్నే అడిగి తెలుసుకొంటున్నాం. విలేకరులను జట్లు జట్లుగా సైనికాధికారులే వెంటబెట్టుకొని తిప్పారు. రాసినదాన్ని సైన్యం చూసిన తర్వాతే పైకి పంపారు. బాగ్దాద్‌లోనే వుండిపోయిన పీటర్ ఆర్నెట్‌ను అమెరికన్ సెనేటరు ఒకాయన శత్రువు సానుభూతిపరుడన్నాడు. బాంబు పడిన చోట నిలబడటమే నేరమైపోయింది.

ఆ రోజుల్లో ప్రపంచమంతా టెలివిజన్‌లో చూసిన బొమ్మ ఒకటుంది. విమానం మీది కెమెరా నుంచి ఒక భవనం పైకప్పు, మధ్యలో గురిగీతలు, ఆ గీతలు కలిసే చోట పొగ. అంతే. మనిషి కనిపించడు, అరుపు వినిపించదు. గురితప్పని బాంబులతో, డాక్టరు కత్తిపెట్టినంత జాగ్రత్తగా చేస్తున్న యుద్ధం అని మేమూ రాశాం. “శస్త్రచికిత్స వంటి దాడి” అనే మాట నా చేతిమీదుగానే మా పత్రికలోకి వచ్చింది. యుద్ధం ముగిశాక అమెరికన్ వైమానికదళం వారే లెక్క చెప్పారు: వేసిన బాంబుల బరువులో గురిచూసి నడిపించగలిగినవి నూటికి పది పాళ్ళ లోపు. మిగతావి పాతకాలపు బాంబులే, పడ్డచోట పడ్డాయి. టెలివిజన్‌లో చూపించింది ఆ పది పాళ్ళ లోపువే. చూపించినదాంట్లో అబద్ధం లేదని గమనించాలి.

ఫిబ్రవరి 13 తెల్లవారుజామున బాగ్దాద్‌లో అమీరియా అనే పేటలో, జనం తలదాచుకొన్న చోట రెండు బాంబులు పడ్డాయి. యివి గురితప్పని రకానివే. నాలుగు వందల మందికి పైగా చనిపోయారు, ఆడవాళ్ళు, పిల్లలు యెక్కువ. అది సైనికుల బంకరు అని అమెరికన్లు అన్నారు. ఇరాక్ వారు కాదన్నారు. ఆ రాత్రి శీర్షిక పెట్టవలసినవాణ్ణి నేను. నాలుగు కాలాల శీర్షికలో “జనం తలదాచుకొన్న చోటు” పట్టదు. “బంకరు” మూడక్షరాలు, చక్కగా పట్టింది. నేను అమెరికన్ల పక్షం వహించి ఆ మాట పెట్టలేదు. కాలం వెడల్పును బట్టి పెట్టాను. మరునాడు లక్షలాది తెలుగువాళ్ళు బంకరు మీద దాడి జరిగిందని చదువుకొన్నారు.

మన భాష యింకో రకంగా కూడా యీ పనికి సాయపడుతుంది. ఇంగ్లీషు కాపీలో “విమానదాడిలో నలభైమంది చంపబడ్డారు” అనే ధోరణిలో వుంటుంది. చంపినవాడెవడో చెప్పరు. తెలుగులో “చంపబడ్డారు” అంటే యెబ్బెట్టుగా వుంటుంది గనక మేము “మరణించారు” అని రాస్తాం. మంచి తెలుగే. కాని ఇంగ్లీషులో కర్త ఒక్కడే తప్పించుకొన్నాడు. తెలుగులోకి వచ్చేసరికి చంపటం కూడా తప్పుకొన్నది. జ్వరం వచ్చి పోయినవాడూ మరణించాడు, బాంబు పడి పోయినవాడూ మరణించాడు.

దీనికి తోడు మర్యాద వొకటి. తెలుగులో మనిషిని గౌరవించేదీ లేనిదీ క్రియ చివర తేలిపోతుంది. మా పత్రికలో బుష్ “అన్నారు”, సద్దాం “అన్నాడు”. మా ప్రూఫ్‌రీడరు ఒకాయన వుండేవాడు, చాదస్తపు మనిషి. ఒక రాత్రి ప్రూఫులు నా ముందు పడేసి, “సద్దాం మీకేమన్నా బాకీ వున్నాడుటండీ?” అన్నాడు. నాకు అర్థం కాలేదు. అసలు కాపీ తీసి చూస్తే ఇంగ్లీషులో యిద్దరికీ ఒకటే క్రియ వుంది. ఇంగ్లీషు వాడు చెయ్యని తేడా నేను చేశాను. సద్దాం నియంతే, కుర్దుల మీద విషవాయువు ప్రయోగించినవాడే. వాణ్ణి “వాడు” అనటానికి నాకు అభ్యంతరం లేదు. కాని 1988లో హలబ్జాలో వేలాది కుర్దులు ఆ విషవాయువుతో చచ్చిపోయినప్పుడు, అతడు ఇరాన్‌తో యుద్ధం చేస్తూ అమెరికాకు కావలసినవాడుగా వున్నప్పుడు, మా పత్రికలో సద్దాం “చెప్పారు”. పాత ఫైళ్ళు తిరగేస్తే కనిపించింది. మనిషి మారలేదు, వాషింగ్టన్ మారింది. మా విభక్తులూ, ప్రత్యయాలూ దాన్ననుసరించాయి.

చావుకు మనకున్నన్ని మాటలు మరో భాషకు వున్నాయో లేదో గాని, వాటినన్నిటినీ మేము అంతస్తులవారీగా పంచిపెట్టాం. మనవాళ్ళు అమరులవుతారు. స్నేహదేశం వాళ్ళు ప్రాణాలు కోల్పోతారు. శత్రుసైనికులు హతమవుతారు. శత్రుదేశపు మామూలు జనం మృతి చెందుతారు, అదీ సంఖ్యలో. పేరు, వూరు, పెళ్ళికెదిగిన చెల్లెలు, పొలం మీద అప్పు యివన్నీ మొదటి తరగతి చావుకే దక్కుతాయి. యీ అంతస్తులు యెవరూ నాకు పాఠంగా చెప్పలేదు. ముందువాళ్ళు రాసింది చూసి నేర్చుకొన్నాను, తర్వాతవాళ్ళు నన్ను చూసి నేర్చుకొన్నారు.

యిప్పుడు నా అసలు తప్పు చెబుతాను. 1990 అక్టోబరు 10న వాషింగ్టన్‌లో, అమెరికన్ కాంగ్రెసు సభ్యుల మానవహక్కుల బృందం యెదుట నయీరా అనే పేరుతో పదిహేనేళ్ళ కువైటీ పిల్ల ఒకతె కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పింది. ఇరాకీ సైనికులు ఆస్పత్రిలో జొరబడి, నెలలు నిండని పిల్లలను ఇంక్యుబేటర్లలో నుంచి తీసి నేల మీద పడేసి, వాటిని యెత్తుకుపోయారని చెప్పింది. ఆ వార్త నా బల్ల మీదికి వచ్చింది. ఇంగ్లీషులో అది పొడిగా, ఆ పిల్ల చెప్పిందని చెబుతూ సాగింది. నేను దాన్ని పొడిగా వుంచలేకపోయాను. మా యింట్లో అప్పటికి మూడు నెలల పాప వుంది. “పొత్తిళ్ళలో పసికందులు” అన్నాను. “కర్కశంగా” అన్నాను. “అని ఆమె చెప్పింది” అనే మాట శీర్షికలో తీసేశాను, చోటు చాలక. ఆ వారం ఒక కాలేజీలో వక్తృత్వపు పోటీకి వెళితే, లెక్చరరు ఒకాయన నా అనువాదాన్ని వేదిక మీద చదువుతూ గొంతు పెగలక ఆగిపోయాడు. హాలంతా నిశ్శబ్దం. నాకు గర్వంగా వుండింది.

ఆ సంగతిని అధ్యక్షుడు బుష్ చాలాసార్లు చెప్పాడు. సెనేటర్లు కొందరు చెప్పారు. 1991 జనవరి 12న యుద్ధానికి సెనేట్ 52–47 ఓట్లతో అనుమతించింది. అయిదు ఓట్ల తేడా. ఆ వార్తే యుద్ధం తెచ్చిందనటం సబబు కాదు; చమురు లేకపోతే ఆ యుద్ధమే లేదు. కాని చమురు కోసం కొడుకును పంపమంటే యే తల్లీ పంపదు గదా. పసిపిల్లల కోసం అంటే పంపుతుంది. యేడాది తర్వాత, 1992 జనవరిలో, జాన్ మెకార్థర్ అనే పత్రికా రచయిత న్యూయార్క్ టైమ్స్‌లో బయటపెట్టాడు: ఆ పిల్ల అమెరికాలో కువైట్ రాయబారి కూతురు. ఆ సాక్ష్యాన్ని యేర్పాటు చేసింది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ. దానికి కోటి డాలర్లకు పైగా ముట్టింది. ఆ డబ్బు దాదాపు అంతా కువైట్ ప్రభుత్వానిదే. మొదట ఆ సంగతిని నమ్మి ప్రకటించిన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, కువైట్ వెళ్ళి విచారించి, నమ్మదగిన ఆధారం దొరకలేదని 1991లోనే ఒప్పుకొన్నది.

సవరణ వేద్దామని ఆ రాత్రి ఇన్‌చార్జిని అడిగాను. “యేడాది కిందటి యుద్ధం. యిప్పుడెవడికి కావాలయ్యా?” అన్నాడు. సోవియట్ యూనియన్ కూలిపోయి అప్పటికి పదిహేను రోజులు కూడా కాలేదు. పేజీలన్నీ దానితోనే నిండి వున్నాయి. వాషింగ్టన్‌ను తప్పుపట్టే వుత్సాహం మా ఆఫీసులో యెవరికీ లేదు. నేను రెండోసారి అడగలేదు. యీ “రెండోసారి అడగకపోవటం” మా వృత్తిలో పెద్ద సంస్థ. సెన్సారు ఆఫీసు లేని చోట దాని పని యిది చేస్తుంది.

తర్వాత తర్వాత చదువుకొన్నకొద్దీ నాకు తెలిసింది, యిది పాతపద్ధతే అని. 1964 ఆగస్టు 4 రాత్రి టోంకిన్ సింధుశాఖలో ఉత్తర వియత్నాం పడవలు అమెరికన్ ఓడల మీద రెండోసారి దాడి చేశాయని ప్రభుత్వం చెప్పింది, పత్రికలు జరిగిపోయినట్టే రాశాయి. మూడు రోజుల్లో తీర్మానం నెగ్గింది. ప్రతినిధుల సభలో 416–0, సెనేట్‌లో 88–2. ఆ రెండో దాడి జరగనే లేదు. 1968 మార్చి 16న మై లాయ్‌లో చంపినవాళ్ళు “128 మంది శత్రువులు” అని సైన్యం ప్రకటిస్తే, మరునాడు పత్రికలు 128 మంది శత్రువులనే వేశాయి. చనిపోయింది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, చంటిపిల్లలు. వియత్నాం వారి లెక్కలో 504 మంది. ఆ నిజం అచ్చులోకి రావటానికి 20 నెలలు పట్టింది. సైమూర్ హెర్ష్ దాన్ని పెద్ద పత్రికలకు యివ్వబోతే తీసుకోలేదు. ఊరూపేరూ లేని చిన్న వార్తాసంస్థ ద్వారా బయటికి వచ్చింది.

2002లో యీ పద్ధతి మరింత నునుపుదేరింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 8 ఆదివారం న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో, ఇరాక్ అణుబాంబు తయారీకి అల్యూమినియం గొట్టాలు కొనబోయిందని వార్త. చెప్పింది యెవరు? పేరు చెప్పని అధికారులు. ఆ పూటే ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టెలివిజన్‌లో కూచుని, యీ సంగతి పత్రికలోనే వచ్చిందిగా అన్నాడు. ప్రభుత్వం పత్రిక చెవిలో వూదింది, పత్రిక అచ్చువేసింది, ప్రభుత్వం పత్రికను సాక్షిగా పిలిచింది. చెంబులో నీళ్ళు గ్లాసులో పోసి, మళ్ళీ చెంబులో పోసి, రెండు చోట్లా నీళ్ళున్నాయని చూపించటం లాంటిది యిది. నైట్ రిడర్ అనే సంస్థ విలేకరులు కొందరు అప్పుడే అనుమానాలు రాశారు. కాని వాళ్ళ పత్రికలు వాషింగ్టన్‌లోనూ, న్యూయార్క్‌లోనూ లేవు గనక పెద్దలెవరూ చదవలేదు. 2004 మే 26న న్యూయార్క్ టైమ్స్ తన వార్తల్లో లోపాలున్నాయని ఒప్పుకొన్నది. అప్పటికి బాగ్దాద్ పడిపోయి యేడాది దాటింది.

యిక్కడ కొందరు మిత్రులు తల వూపుతూ వుంటారని తెలుసు. వాళ్ళకు రుచించని సంగతి కూడా చెప్పాలి. 1939లో సామ్రాజ్యవాద యుద్ధమైనది, హిట్లర్ సోవియట్ దేశం మీద పడ్డాక, 1942 నాటికి మనకు ప్రజాయుద్ధమైంది. ఫాసిజాన్ని ఓడించవలసిందే; ఆ చర్చ యిప్పుడు తేను. కాని పేరు మారినప్పుడు మన క్రియలు కూడా మారాయి. 1956లో హంగరీలో టాంకులు దిగినప్పుడు మనవాళ్ళు చాలామంది మాస్కో పెట్టిన పేర్లనే వాడారు. బుడాపెస్ట్ వీధుల్లో పోయిన కార్మికుడు యే తరగతి చావు చచ్చాడో మనమూ వెంటనే తేల్చేశాం. అయితే యిదే ఉద్యమంలో రెండో ముఖం కూడా వుంది. 1943లో బెంగాల్‌లో జనం మలమల మాడిపోతూ వుంటే, క్షామం అనే మాట అనటానికి ప్రభుత్వం యిష్టపడలేదు. కలకత్తా స్టేట్స్‌మన్ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్, ఇంగ్లీషువాడే, ఆగస్టు 22న ఆ శవాల ఫోటోలు వేశాడు. మన పీపుల్స్ వార్ పత్రికకు సునీల్ జానా పల్లెలు తిరిగి తీసిన ఫోటోలు వచ్చాయి. యుద్ధానికి మద్దతు యిస్తూనే, ఆ యుద్ధకాలపు పాలన చంపుతున్నవాళ్ళ ముఖాలు చూపించవచ్చునన్నమాట. జానా యే కమ్యూనికేనూ అనువదించలేదు. జనం చచ్చిపోతున్న చోటికి వెళ్ళాడు. డేట్‌లైన్ అంటే అది.

తప్పంతా డెస్కు మీద పెడితే అదీ న్యాయం కాదు. పాఠకుడికి ఆకలి వుంటుంది. 1999లో కార్గిల్ జరుగుతున్నప్పుడు మా రిటర్నులు దాదాపు లేకుండా పోయాయి. ఒక రోజు మొదటి పేజీలో పోరు వార్త కాస్త చిన్నదిగా వేస్తే, “మనవాళ్ళు గెలవటం మీకిష్టం లేదా?” అని ఫోన్లు వచ్చాయి. 1971 డిసెంబరు 3 రాత్రి విశాఖ దగ్గర మునిగిన ఘాజీ జలాంతర్గామిని మన నౌక రాజ్‌పుత్ ముంచిందని మన పాఠకుడికి తెలుసు. అది ప్రమాదవశాన పేలిపోయిందని పాకిస్తాన్ పాఠకుడికి తెలుసు. యిద్దరికీ యెప్పుడూ అనుమానం రాలేదు. రాకపోవటంలో యిద్దరికీ సుఖం వుంది.

2025 మే 8 రాత్రి నేను రిటైరై యింట్లో వున్నాను. మా పక్కింటి కుర్రాళ్ళు టెలివిజన్ గట్టిగా పెట్టారు. స్టూడియోలో సైరన్లు. కరాచీ రేవు ధ్వంసమైందన్నారు కొన్ని జాతీయ ఛానళ్ళ వాళ్ళు. ఇస్లామాబాద్ కూడా చేజిక్కినట్టేనన్నారు. కుర్రాళ్ళు కేకలు, చప్పట్లు. తెల్లవారేసరికి కరాచీ రేవు వున్న చోటే వుంది. నాకు నవ్వు రాలేదు. మా కాలంలో మేము కర్తను దాచాం, క్రియను మెత్తబరిచాం. వీళ్ళు డేట్‌లైన్ కూడా అక్కర్లేని చోటికి వచ్చారు. అయినా అది నాకు పెద్దగా బాధ కలిగించలేదు, కరాచీ రేవుకు యేమీ కాలేదు గనక. బాధ కలిగించింది దానికి ముందురోజు జరిగినది. మే 7న పూంఛ్‌లో పాకిస్తాన్ ఫిరంగిగుండ్లకు ఒక మదర్సా ఉపాధ్యాయుడు చనిపోయాడు. భారతీయుడు, మన సరిహద్దు లోపల, శత్రువు గుండుకు పోయినవాడు. మా అంతస్తుల ప్రకారం అతనికి అమరుడనే మాట దక్కాలి. గడ్డం, పేరు చూసి కొన్ని ఛానళ్ళు అతను హతమైన ఉగ్రవాది అన్నాయి. అది అబద్ధమని పూంఛ్ పోలీసులే ప్రకటించవలసి వచ్చింది. ఛానళ్ళ మీద కేసు పెట్టమని జూన్‌లో అక్కడి కోర్టు ఆదేశించింది. ఈలోగా అతని పిల్లలు తండ్రిని పాతిపెట్టి వచ్చి, ఆ పెట్టెలో తండ్రి ముఖం కింద ఆ మాట చదువుకొన్నారు. యీ పత్రిక చదివేవారిలో సగంమంది ఉపాధ్యాయులే గనక యిది కాస్త ఆగి ఆలోచించవచ్చు.

యిప్పుడు అప్పుడప్పుడు కాలేజీలవాళ్ళు పిలిస్తే వెళుతున్నాను. ఉపన్యాసం చెప్పను. ఆ రోజు పత్రికలు తీసుకువెళ్ళి, తలా ఒక యెర్రపెన్సిలు యిచ్చి, యుద్ధవార్తల్లో డేట్‌లైన్ కింద ఒక గీత, చావును చెప్పే క్రియ కింద ఒక గీత, “డు” వున్న చోట ఒక సున్నా పెట్టమంటాను. గాజా వార్తలు యిచ్చిన రోజున, అంటే ఇజ్రాయెల్ సైన్యం విదేశీ విలేకరులను సొంతంగా లోపలికి పోనివ్వని ఆ రెండేళ్ళలో ఒక రోజున, పేజీ అంతా యెర్రబడిపోయింది. పిల్లలు చురుగ్గానే వున్నారు. గుంటూరు దగ్గర ఒక కాలేజీలో, నేను ఇంక్యుబేటర్ల సంగతి చెప్పాక, వెనకబెంచీ అమ్మాయి లేచి, “ఆ సవరణ తర్వాతైనా వేశారా సార్?” అని అడిగింది. లేదన్నాను. “మరి యిప్పుడు వెయ్యొచ్చు గదండీ” అన్నది.

ఆ పత్రిక వాళ్ళు వెయ్యరు, అడగటానికి నాకు అక్కడ బల్ల కూడా లేదు. అందుచేత యిక్కడ వేస్తున్నాను.

సవరణ: 1990 అక్టోబరులో నేను అనువదించిన వార్తలో, కువైట్ ఆస్పత్రిలో ఇరాకీ సైనికులు ఇంక్యుబేటర్ల నుంచి పసిపిల్లలను తీసి నేల మీద పడవేసి చంపినట్టు వుంది. దానికి ఆధారం లేదు. ఆ సాక్ష్యం చెప్పిన బాలిక కువైట్ రాయబారి కుమార్తె అన్న సంగతి అప్పుడు వెల్లడి చేయలేదు. “కర్కశంగా” అనే మాట, “పొత్తిళ్ళలో పసికందులు” అనే మాట మూలంలో లేవు. అవి నేను చేర్చినవి. 1991 ఫిబ్రవరి 14న “బంకరు” అని పడినచోట “జనం తలదాచుకొన్న చోటు” అని చదువుకోవలసింది.